గంటంబావు దూరంలో ఒక క్యాంపస్

అందరికీ నమస్కారం.

పిల్లల కాలేజీ అడ్మిషన్ల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. ఎస్సేలు ఎలా రాయించాలో, ఏ స్కోరుకి ఏ కాలేజీ వస్తుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ హాల్లోనే పదిమంది ఉన్నారు, ఆ పని వాళ్ళకి వదిలేస్తాను. నేను మా అమ్మాయి చదువుతున్న క్యాంపస్ గురించి చెబుతాను. ఇక్కడ కేరీలో ఐ-40 హైవే ఎక్కితే గంటంబావు ప్రయాణం. గ్రీన్స్‌బరోలో ఉన్న నార్త్ కరోలినా ఏ అండ్ టీ స్టేట్ యూనివర్సిటీ.

రెండేళ్ళ క్రితం మా అమ్మాయి అక్కడ మెకానికల్ ఇంజినీరింగ్‌లో చేరుతోందని చెబితే మనవాళ్ళలో చాలామంది "అదెక్కడుంది?" అన్నారు. ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, "అయ్యో, ఎన్‌సీ స్టేట్ రాలేదా?" అన్నారు. రాలీలో ఉన్న నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ అన్నమాట. వచ్చింది సార్. రెండూ వచ్చాయి. రెండు క్యాంపస్‌లూ చూసొచ్చి, తనే ఎంచుకుంది. మొదట్లో నాకూ టెన్షన్‌గానే ఉండేది, అది దాచను, ఎందుకంటే ఈ రాష్ట్రంలో పద్నాలుగేళ్ళుగా ఉంటూ ఆ కాలేజీ గేటు ఎటువైపు ఉందో కూడా నాకు తెలియదు. దేశంలో నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన కాలేజీలు వంద దాకా ఉన్నాయి, హెచ్‌బీసీయూలు అంటారు, వాటిలో విద్యార్థుల సంఖ్యలో అతి పెద్దది ఇదే, 14 వేల మందికి పైగా చదువుతున్నారు. నల్లజాతి ఇంజినీర్లను దేశంలో అందరికంటే ఎక్కువగా తయారుచేస్తున్నదీ ఇదే. ఇప్పుడు ఎవరైనా చేరవచ్చు, తెల్లపిల్లలూ ఉన్నారు, మన పిల్లలూ కొందరు ఉన్నారు.

అసలు ఇది ఎందుకు పుట్టిందో చెబుతాను, అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు. 1887లో రాలీలో ఎన్‌సీ స్టేట్ పెట్టారు, తెల్లవాళ్ళకి మాత్రమే. 1890లో ఫెడరల్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది: వ్యవసాయ, సాంకేతిక కాలేజీలకి మా డబ్బు కావాలంటే నల్లవాళ్ళని చేర్చుకోండి, లేదా వాళ్ళకి వేరే కాలేజీ పెట్టండి. మన రాష్ట్రం రెండోది ఎంచుకుంది. అలా 1891లో ఏ అండ్ టీ వచ్చింది. ఊరవతల వేరే బడి అన్నమాట. వేరే బడికి వేరే లెక్క కూడా ఉంటుంది కదా. 2023 సెప్టెంబర్‌లో కేంద్ర విద్యా, వ్యవసాయ మంత్రులు 16 రాష్ట్రాల గవర్నర్లకి ఉత్తరాలు రాశారు. ఎన్‌సీ స్టేట్‌కి ఇచ్చినట్టే తల ఒక్కింటికి ఇచ్చి ఉంటే, ముప్పై ఏళ్ళలో ఏ అండ్ టీకి ఇంకో 200 కోట్ల డాలర్ల దాకా వచ్చేవని మన రాష్ట్రానికి రాసిన ఉత్తరంలో ఉంది. అంత డబ్బు రాకుండానే ఈ పిల్లలు ఇంత చదువుతున్నారు. చాలెంజర్ ప్రమాదంలో పోయిన వ్యోమగామి రొనాల్డ్ మెక్‌నేర్ ఇక్కడ ఫిజిక్స్ చదివినవాడే. ఆయన పేరున్న బిల్డింగ్‌లోనే మా అమ్మాయికి క్లాసులు.

హోమ్‌కమింగ్ సంగతి చెప్పాలి, పాత విద్యార్థులంతా కాలేజీకి తిరిగొచ్చే పండగ అది. అక్టోబర్‌లో జరుగుతుంది, భూమ్మీద ఇంత గొప్ప హోమ్‌కమింగ్ ఇంకోటి లేదని వాళ్ళు చెప్పుకుంటారు, చూశాక నేను కాదనలేకపోయాను. మన దసరాకి, సంక్రాంతికి ఊరంతా ఎలా తిరిగొస్తుందో అలా వస్తారు. డెబ్భైల్లో చదివిన ముసలాయన నీలం, బంగారు రంగు టోపీ పెట్టుకుని మనవడితో వస్తాడు. ముందు రోజే వ్యాన్లు, టెంట్లు వేసి, పొయ్యిలు పెట్టి, చేపలు వేయిస్తుంటారు. మొదటి ఏడాది మేము వెళ్ళి ఎక్కడ నిలబడాలో తెలియక ఒక పక్కన ఉంటే, ఒక పెద్దావిడ మా అమ్మాయి టీషర్ట్ చూసి "యాగీ ప్రైడ్!" అని కేకేసింది. మా అమ్మాయి తిరిగి అదే కేక వేసింది. అక్కడి పిల్లల్ని యాగీలు అంటారు, అగ్రికల్చర్ కాలేజీ కాబట్టి ఆ పేరు వచ్చింది. మన తెలుగులో యాగీ అంటే వేరే అర్థం ఉంది, నాకు మొదట అదే గుర్తొచ్చింది. ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి, పేపర్ ప్లేట్లో వేడి చేప, రెండు బ్రెడ్ ముక్కలు, మీద ఎర్రటి సాస్ పోసి మా ఆవిడ చేతికిచ్చింది. మా ఆవిడ పట్టుకెళ్ళిన పులిహోర డబ్బా తీసింది. పోపులో వేగిన వేరుశనగపప్పు ఏరుకుని తిని ఆవిడ ఇంకొంచెం అడిగింది. నిరుడు వెళ్ళినప్పుడు డబ్బా పెద్దది తీసుకెళ్ళాం.

ఇక బ్యాండ్. బ్లూ అండ్ గోల్డ్ మార్చింగ్ మెషీన్ అని దాని పేరు. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో హాఫ్ టైమ్ అంటే మిగతా చోట్ల జనం లేచి తినడానికి పోతారు, ఇక్కడ బయట ఉన్నవాళ్ళు పరుగెత్తుకుంటూ వచ్చి సీట్లలో కూర్చుంటారు. ముందు డ్రమ్ములు మొదలవుతాయి. నేను డప్పు కొట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ దెబ్బ వినగానే నా అరికాళ్ళలోంచి పైకి ఏదో పాకింది, అది చెప్పడానికి నా దగ్గర మాట లేదు. మా తాత ఉండి వినుంటే బాగుండేదని మాత్రం అనిపించింది.

ఇప్పుడు ఒక విషయం చెబుతాను, ఈ వేదిక మీద ఎప్పుడూ చెప్పలేదు. మధిర దగ్గర మా ఊళ్ళో, టీ కొట్టు చూరులో ఒక గ్లాసు బోర్లించి ఉండేది. మా నాన్న వెళ్ళి ఆ గ్లాసు తీసుకుని, కడుక్కుని, పట్టుకుంటే కొట్టాయన పైనుంచి టీ పోసేవాడు. తాగి మళ్ళీ కడిగి అక్కడే పెట్టాలి. రెండు గ్లాసుల పద్ధతి అంటే మీలో చాలామందికి తెలుసు. మా నాన్న ఆ గ్లాసు తీసేటప్పుడు నా వైపు చూసేవాడు కాదు.

ఏ అండ్ టీ క్యాంపస్ మధ్యలో, డడ్లీ బిల్డింగ్ ముందు, నలుగురు కుర్రాళ్ళు పక్కపక్కనే నడుస్తున్నట్టు విగ్రహం ఉంది. ఫ్రాంక్లిన్ మెక్‌కెయిన్, జోసెఫ్ మెక్‌నీల్, డేవిడ్ రిచ్‌మండ్, ఎజెల్ బ్లెయిర్ జూనియర్. నలుగురూ ఫస్టియర్. రాత్రిళ్ళు హాస్టల్ గదిలో కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు, మన హాస్టళ్ళలో లైట్లార్పేశాక మాట్లాడుకునేవాళ్ళం చూడండి, అలాగే. ఇంకెన్నాళ్ళు మాట్లాడుతూ కూర్చుంటాం అని 1960 ఫిబ్రవరి 1, సోమవారం సాయంత్రం ఊళ్ళో వూల్‌వర్త్ షాపుకి వెళ్ళారు. టూత్‌పేస్టు లాంటి చిన్న వస్తువులు కొని, రసీదు తీసుకుని, తినే కౌంటర్ దగ్గర స్టూళ్ళ మీద కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వలేదు, ఆ కౌంటర్ దగ్గర కూర్చోవడం తెల్లవాళ్ళకి మాత్రమే. వస్తువు కొనడానికి మా డబ్బు పనికొచ్చింది, కాఫీకి ఎందుకు పనికిరాదు అని రసీదు చూపించారు. షాపు మూసేదాకా కదల్లేదు. అక్కడ కూర్చున్న ఒక తెల్ల ముసలావిడ తమ దగ్గరికొస్తుంటే తిడుతుందేమో అనుకున్నామని, ఆవిడ భుజాల మీద చేతులు వేసి, ఈ పని పదేళ్ళ ముందే చేయాల్సింది అందని మెక్‌కెయిన్ తర్వాత చాలాసార్లు చెప్పారు.

మర్నాడు ఇరవైమందికి పైగా వెళ్ళారు. పక్కనే ఉన్న బెన్నెట్ కాలేజీ అమ్మాయిలూ వచ్చారు. వారం తిరక్కుండా వందలు. ఫేస్‌బుక్కా వాట్సాపా ఏమన్నా ఉందా, క్యాంటీన్‌లో, హాస్టల్ వరండాలో ఒకరికొకరు చెప్పుకుంటే పాకింది. జూలై 25న ఆ కౌంటర్ అందరికీ తెరుచుకుంది. మన రాలీ డౌన్‌టౌన్‌లో షా యూనివర్సిటీ ఉంది కదా, మీరు ఎన్నోసార్లు దాని ముందునుంచి వెళ్ళుంటారు, అదీ హెచ్‌బీసీయూనే. ఆ ఏప్రిల్‌లో ఇలాంటి పిల్లలందరినీ పౌరహక్కుల ఉద్యమ నాయకురాలు ఎల్లా బేకర్ అక్కడికే పిలిచారు, విద్యార్థి ఉద్యమ సంఘం ఎస్‌ఎన్‌సీసీ అక్కడే పుట్టింది. ఆ వేడిలోనే 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం, అదే ఏడాది అక్టోబర్‌లో కొత్త వలస చట్టం వచ్చాయి. అంతకుముందు ఇండియా నుంచి వలస రావడానికి ఏడాదికి వంద మందికే కోటా. మనం ఈ హాల్లో ఇంతమంది కూర్చున్నామంటే ఆ చట్టం వల్లే.

మ్యూజియంగా మార్చిన ఆ షాపులో ఆ కౌంటర్ ఇంకా అక్కడే ఉంది. దాని ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మా అమ్మాయికి గ్లాసు సంగతి అప్పటిదాకా చెప్పలేదు, అక్కడ చెప్పాను. తను ఏమీ అనకుండా చెయ్యి పట్టుకుంది. ఆ రాత్రి రూమ్మేట్‌కి చెప్పిందట. వాళ్ళ నానమ్మ కూడా సౌత్ కరోలినాలో షాపు వెనక తలుపు దగ్గర నిలబడి కొనుక్కునేదని ఆ అమ్మాయి చెప్పిందట. ఇద్దరూ తెల్లవారేదాకా మాట్లాడుకున్నారు.

నేను అడిగేది ఒక్కటే. మీ పిల్లలు అక్కడ చేరాలని కాదు, అది వాళ్ళ ఇష్టం. క్యాంపస్‌లు చూపించడానికి వేల మైళ్ళు తిప్పుతాం కదా, ఆ లిస్టులో ఈ గంటంబావు దూరం కూడా రాసుకోండి. ఫిబ్రవరి 1న ఏటా అక్కడ ఆ నలుగురిని తలుచుకుంటారు. మ్యూజియం ఎల్మ్ స్ట్రీట్‌లో ఉంది. ఈ అక్టోబర్‌లో హోమ్‌కమింగ్‌కి మేము రెండు కార్లలో వెళ్తున్నాం, ఇంకో అయిదుగురికి చోటుంది. పొద్దున్నే బయల్దేరాలి, ఆలస్యమైతే పార్కింగ్ దొరకదు. మడత కుర్చీలు మీవి మీరు తెచ్చుకోండి, పులిహోర మేము తెస్తాం.