గ్రూపులో పేరు బదులు అంకెలు కనిపిస్తే తీసేయకండి, ముందు ఇది చూడండి

నమస్తే అండీ. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. స్క్రీన్ చూడండి. రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూప్ తెరిచాను, అంటే దూరం నుంచి ఈ కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యేవాళ్ళ జాబితా. రెండు పేర్లున్నాయి. మూడో వరసలో పేరు లేదు, ఎస్-1-5-21 అని మొదలై బారెడు అంకెలు, చివర 1126. ఇదే సిడ్, అంటే సెక్యూరిటీ ఐడెంటిఫైయర్, ప్రతి అకౌంటుకీ, గ్రూపుకీ విండోస్ ఇచ్చే నంబరు.

మన ఊళ్ళలో పొలాన్ని చింతచెట్టు మడి అంటాం. రికార్డులో ఉండేది మాత్రం సర్వే నంబరు. విండోస్‌దీ అదే పద్ధతి. గ్రూపులో రాసుకునేది నంబరే. మనం తెరిచినప్పుడల్లా అది ఎవరిదో అడిగి పేరు చూపిస్తుంది. 21 తర్వాత వచ్చే మూడు పెద్ద అంకెలు డొమైన్‌వో, అంటే ఆఫీసు కంప్యూటర్లనీ అకౌంట్లనీ ఒకేచోట నుంచి నడిపే ఏర్పాటువో, లేదా ఆ ఒక్క కంప్యూటర్‌వో. చివరిది అకౌంట్‌ది. 500 అడ్మినిస్ట్రేటర్, 512 డొమైన్ అడ్మిన్స్. మనం తయారుచేసే యూజర్లకు, గ్రూపులకు 1000 నుంచి మొదలు.

పేరు రాలేదంటే అకౌంట్ డిలీట్ అయ్యుండాలి, లేదా డొమైన్ కంట్రోలర్, అంటే డొమైన్ అకౌంట్లన్నీ ఉండే సర్వర్, అందకపోయుండాలి. చాలామంది మొదటిదే అనుకుంటారు. నేనూ అలాగే శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో నెట్‌వర్క్ లైన్ పోయిన రోజు ఒక నంబరు తీసేశాను. మర్నాడు బిల్లింగ్ వాళ్ళకి ఫోల్డర్ తెరుచుకోలేదు. అది వాళ్ళ గ్రూపే. ఆ పూటంతా వాళ్ళు బిల్లులు కొట్టలేకపోయారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు డొమైన్ యూజర్‌గా లాగిన్ అయి, కమాండ్ ప్రాంప్ట్‌లో హూయామ్‌ఐ, స్పేస్, స్లాష్ యూజర్ అని కొట్టండి. మీ సిడ్ వస్తుంది. మధ్య మూడు అంకెలూ కలిశాయా? అయితే ఆ అకౌంట్ మన డొమైన్‌దే. తర్వాత డొమైన్ కంట్రోలర్ పేరుకి పింగ్ కొట్టండి, అది అందుతోందో లేదో తెలుస్తుంది. ఇదిగో, పేరే దొరకలేదంటోంది. పేరు చెబితే అడ్రస్ వెతికిపెట్టేది డీఎన్‌ఎస్. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్ దగ్గర రౌటర్ అడ్రస్ ఉంది. డొమైన్ కంట్రోలర్ ఎక్కడుందో రౌటర్‌కి ఏం తెలుస్తుంది?

అన్నీ అందుతున్నా పేరు రాకపోతే అప్పుడు డిలీట్ అయిందేమో చూడండి. ఒకవేళ పొరపాటున డిలీట్ చేసుంటే, అదే పేరుతో కొత్తది పెట్టకండి, దానికి కొత్త నంబరొస్తుంది, పాత పర్మిషన్లు రావు. డొమైన్ అకౌంట్లు దాచే యాక్టివ్ డైరెక్టరీలో రీసైకిల్ బిన్ ముందే ఆన్ చేసుంటే అందులోంచి తెస్తే పాత నంబరే వస్తుంది. ఇంకోటి, ఎస్-1-15-3తో మొదలయ్యేవి మనుషుల అకౌంట్లు కావు, యాప్‌ల అనుమతుల నంబర్లు, వాటికి మామూలుగా పేరు రాదు. వాటి జోలికి వెళ్ళకండి.

సరే, డీఎన్‌ఎస్‌లో మన సర్వర్ అడ్రస్ పెట్టాను. గ్రూప్ మూసి మళ్ళీ తెరుస్తున్నాను. చూశారా, 1126 గోడౌన్ గ్రూప్ అట.