కట్లపాము కాదు, కింగ్‌స్నేకే... కానీ ఏ కింగ్‌స్నేక్?

తెర మీద: మట్టిరోడ్డు, సాయంత్రపు వెలుగు, రోడ్డుకు అడ్డంగా నల్లటి పాము. మూల "వివరించడానికి గీసిన బొమ్మ" అని రాసి ఉండాలి.

ఈ బొమ్మ చూడగానే మన నోట ముందొచ్చే మాట కట్లపాము. నల్లటి ఒళ్ళు, దాని మీద లేత పట్టీలు. అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్, చాండ్లర్ వైపు ఉండే మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇలాంటి ఫొటో పడితే ఎంత గోల అవుతుందో చెప్పక్కర్లేదు. టెన్షన్ పడకండి. కట్లపాము దక్షిణాసియా పాము, అమెరికా అడవుల్లో లేదు. ఇది విషం లేని కింగ్‌స్నేక్. పైగా విషపు రాటిల్‌స్నేక్‌లను పట్టి మింగే పాము. వాటి విషాన్ని చాలావరకు తట్టుకుంటుంది.

తెర మీద: ఎడమ పక్క కట్లపాము, కుడి పక్క కాలిఫోర్నియా కింగ్‌స్నేక్. నడి వీపు పొలుసుల దగ్గరికి జూమ్.

తేడా ఒక్కసారి చూసి ముందుకు వెళ్దాం. కట్లపాముకు నడి వీపు వెంట పెద్ద పెద్ద ఆరు పలకల పొలుసుల వరుస ఉంటుంది. కింగ్‌స్నేక్‌కు ఆ వరుస ఉండదు, వీపు మీద పొలుసులన్నీ దాదాపు ఒకే సైజు, నున్నగా మెరుస్తాయి. కట్లపాము తెల్ల గీతలు సన్నగా, చాలాసార్లు జంటలుగా ఉంటాయి. మెడ దగ్గర అసలు కనిపించకపోవచ్చు కూడా. కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ పట్టీలు వెడల్పుగా, మెడ నుంచే మొదలవుతాయి. ఈ తేడాలు ఫొటోలో చూసుకోవడానికి మాత్రమే. ఇండియాలో ఉన్నప్పుడు ఇలాంటి పాము కనిపిస్తే పొలుసులు లెక్కపెట్టే పని పెట్టుకోకండి, దూరంగా ఉండండి.

ఇక అసలు విషయం. ఇది కింగ్‌స్నేకే, సరే. ఏ కింగ్‌స్నేక్?

తెర మీద: ఆరిజోనా పటం. ఆగ్నేయ మూల కొచీస్ కౌంటీ వెలుగుతుంది.

మన బొమ్మలోని పాము ఈ మూలలో కనిపించిందనుకుందాం. సోనోరా ఎడారి, చివావా ఎడారి కలిసే చోటు ఇది. పడమటి నుంచి కాలిఫోర్నియా కింగ్‌స్నేక్ వస్తుంది. తూర్పు నుంచి డెజర్ట్ కింగ్‌స్నేక్ వస్తుంది. దక్షిణాన, సరిహద్దు అవతల సోనోరాలో, ఒళ్ళంతా నలుపే ఉండే మెక్సికన్ బ్లాక్ కింగ్‌స్నేక్ ఉంటుంది. పాత పుస్తకాల్లో ఈ మూడూ ఒకే జాతిలో మూడు ఉపజాతులు.

తెర మీద: మూడు పాముల బొమ్మలు పక్కపక్కన.

కాలిఫోర్నియా రకానికి నలుపు లేదా ముదురు గోధుమ రంగు మీద వెడల్పాటి తెలుపు లేదా లేత పసుపు పట్టీలు. ఆ పట్టీ పక్కలకు దిగేకొద్దీ వెడల్పవుతుంది. ముక్కు దగ్గర, మొహం మీద కూడా లేత మచ్చలుంటాయి. డెజర్ట్ రకానికి తల నల్లగా ఉంటుంది. వీపు మీద పెద్ద నల్ల మచ్చలు, వాటి మధ్య సన్నటి పసుపు గీతలు. పక్కల్లో ఒక్కో నల్ల పొలుసులో ఒక్కో పసుపు చుక్క, ఆవాలు చల్లినట్టు. పొట్ట ఎక్కువగా నలుపు. మెక్సికన్ బ్లాక్ గురించి చెప్పేది తక్కువే, పెద్దదైతే నలుపు తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

ఇప్పుడు మన పాము. తల దాదాపు నలుపు, ముక్కు మీద మాత్రం రెండు లేత మచ్చలు. ముందు సగంలో సన్నటి పసుపు అడ్డగీతలు. పక్కల్లో చుక్కలు. ఇంతవరకూ బాగానే ఉంది. వెనక భాగానికి వచ్చేసరికి గీతలు విరిగిపోయి, నడి వీపు వెంట తెగిపోయిన నిలువు గీతలా సాగాయి. దీన్ని ఏమనాలి?

తొందరపడితే "రెండు ఉపజాతులు కలిశాయి, అందుకే డిజైన్ చెడింది" అనేస్తాం. వినడానికి బాగుంటుంది. కానీ ఆ వాక్యంలో రెండు వేర్వేరు సంగతులు కలగాపులగం అయిపోయాయి. నల్ల తల, ముక్కు మీద మచ్చలు, పక్కల చుక్కలు ఒకే ఒంటి మీద ఉండటం రెండు రకాలు కలిసిన చోట మనం ఎదురుచూసేదే. విరిగిన నిలువు గీత అలా కాదు. అటు కాలిఫోర్నియా రకం మామూలు డిజైన్‌లోనూ అది లేదు, ఇటు డెజర్ట్ రకం డిజైన్‌లోనూ లేదు. రెండు అడ్డపట్టీల పాములు కలిస్తే నిలువు గీత రావాలని ఎక్కడా లేదు.

మరి ఎక్కడి నుంచి వచ్చింది? ఒకే కుటుంబంలో ఒక జన్యువు తేడాతో రావచ్చు. గుడ్లు పొదిగేటప్పుడు వేడి ఎక్కువో తక్కువో అయినా పాముల ఒంటి మీద డిజైన్ చెదురుతుంది. ఫొటో చూసి ఈ రెండిట్లో ఏదో చెప్పలేం.

తెర మీద: శాన్‌డియాగో పటం. ఒకే గుడ్ల గుంపు నుంచి పట్టీల పిల్ల, నిలువు గీత పిల్ల బయటికి వచ్చే యానిమేషన్.

ఇక్కడ లారెన్స్ క్లాబర్ గురించి చెప్పకుండా ఉండలేను. కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోలో గ్యాస్, కరెంటు కంపెనీ ఇంజనీరు. ఉద్యోగం అది, ఊపిరి మాత్రం పాములు. అప్పట్లో ఆ ప్రాంతంలో రెండు కింగ్‌స్నేక్‌లకు వేర్వేరు పేర్లుండేవి. అడ్డపట్టీలున్నది బోయిలీ, వీపు వెంట ఒకే నిలువు గీత ఉన్నది కాలిఫోర్నియే. క్లాబర్ తల్లి పాముల గుడ్లు పొదిగించి చూశాడు. ఒకే తల్లి గుడ్లలోంచి రెండు రకాల పిల్లలూ వచ్చాయి. 1936 లో ఆ సంగతి ప్రచురించాడు. రెండు పేర్లున్న చోట పాము ఒక్కటే మిగిలింది.

ఫ్లోరిడాలో కథ ఇంకా మెలికలు తిరిగింది. చిపోలా నది లోయలో దొరికిన వింత డిజైన్ కింగ్‌స్నేక్‌లకు 1949 లో గోయినీ అని కొత్త ఉపజాతి పేరు పెట్టారు. 1977 లో మరో శాస్త్రవేత్త, ఇవి వేరే ఏమీ కాదు, ఈస్టర్న్, ఫ్లోరిడా రకాలు కలిసిన పాములే అన్నాడు. 2006 లో మళ్ళీ పరిశీలించి, పక్కనే ఉన్న అపలాచికోలా నది తూర్పు పల్లపు నేలల్లో సొంత లక్షణాలున్న గుంపు ఒకటి ఉందని చెప్పి దానికి మీన్సీ అని పేరు పెట్టారు. దాని చుట్టుపక్కల ఉన్నవి కలిసిన పాములన్నారు. ఆ గుంపులోనే వెడల్పు పట్టీలవి, నిలువు గీతలవి, డిజైనే లేనివి కూడా ఉన్నాయి. "ఇది కలిసిన పాము" అనేది కూడా ఒక అంచనాయే, తీర్పు కాదు. నాకు ఈ ఉదాహరణ చాలా ఇష్టం.

తెర మీద: పటం మీద ఐదు రంగులు.

ఇక డీఎన్‌ఏ. 2009 లో పైరన్, బర్‌బ్రింక్ అనే శాస్త్రవేత్తలు కింగ్‌స్నేక్ ఉపజాతుల్ని ఐదు జాతులుగా విడదీశారు. మెక్సికన్ బ్లాక్ అందులో కాలిఫోర్నియా జాతిలో కలిసిపోయింది. డెజర్ట్ రకం వేరే జాతి అయింది. అయితే ఆ జన్యు గీతలు పాత పుస్తకాల పటాల మీద అచ్చంగా కూర్చోలేదు. పైగా ఆ పనిలో ముఖ్యంగా వాడింది మైటోకాండ్రియా డీఎన్‌ఏ. అది తల్లి నుంచే వస్తుంది. తండ్రి ఎవరో అది చెప్పదు కాబట్టి, కలిసిన పామును పట్టుకోవడానికి అది ఒక్కటే సరిపోదు. తర్వాత ఎక్కువ జన్యువులతో చేసిన పనిలో పక్కపక్క గుంపుల మధ్య జన్యువులు అటూ ఇటూ వెళ్తున్నట్టు కనిపించింది.

కాబట్టి మన బొమ్మలోని పాముకు నేనైతే ఇలా రాస్తాను: కింగ్‌స్నేక్, కొచీస్ కౌంటీ, డెజర్ట్, కాలిఫోర్నియా రకాలు కలిసే ప్రాంతం, తల, పక్కలు రెండిటి మధ్యలో, వెనక భాగంలో అసాధారణ డిజైన్. పేరు కావాలని పట్టుబడితే డెజర్ట్ వైపు మొగ్గుతాను. ఎందుకంటే నల్ల తల, చుక్కల పక్కలు ఆ వైపు లాగుతున్నాయి. విరిగిన గీతను మాత్రం లెక్కలోకి తీసుకోను.

తెర మీద: లాంగ్‌నోస్డ్ స్నేక్ బొమ్మ. తర్వాత తోక కింది పొలుసులు.

ఒక్క నిమిషం ఆగండి. చుక్కల పక్కలున్న ప్రతి పామూ కింగ్‌స్నేక్ కాదు. ఇదే ఎడారిలో లాంగ్‌నోస్డ్ స్నేక్ ఉంది. నల్ల మచ్చలు, పక్కల్లో లేత చుక్కలు, మధ్యలో ఎరుపు. ఆ ఎరుపు లేనివీ ఉంటాయి, అక్కడే పొరబడతాం. దాని మూతి కోసుగా ముందుకు పొడుచుకొస్తుంది. తోక కింద పొలుసులు ఎక్కువగా ఒంటివి. కింగ్‌స్నేక్‌కు అవి ఎక్కువగా జంటలు. కానీ దాన్ని చూడాలంటే పామును తిరగేయాలి. ఆ పని మీరు చేయకండి. అదే ఆరిజోనాలో విషమున్న రాటిల్‌స్నేక్‌లు, కోరల్ స్నేక్‌లు కూడా తిరుగుతాయి.

ఇంకో అనుమానం కూడా పెట్టుకోండి. కాలిఫోర్నియా కింగ్‌స్నేక్‌ను ఇళ్ళలో పెంచుతారు, తెల్లగా, గీతలతో, రకరకాలుగా పుట్టిస్తారు. తప్పించుకున్నవి బయట దొరుకుతాయి. స్పెయిన్ వాళ్ళ గ్రాన్ కనారియా దీవిలో 1998 లో ఇలాంటివి బయటపడి, ఇప్పుడు అక్కడి స్థానిక బల్లుల్ని తినేస్తున్నాయి. అందుకే ఊరి పక్కన, ఇళ్ళ మధ్య దొరికిన వింత పాముకు ఒక అర్థం, ఎవరూ ఉండని లోయలో దొరికిన దానికి మరో అర్థం.

తెర మీద: ఫోన్‌లో ఫొటో తీస్తున్న చేతులు, పాముకు దూరంగా.

మీకు ఇలాంటిది కనిపిస్తే దూరం నుంచే జూమ్ చేసి తీయండి. పైనుంచి మొత్తం ఒళ్ళు ఒకటి, పక్క నుంచి ఒకటి, తల దగ్గరిది ఒకటి. డిజైన్ మెడ దగ్గర, నడుము దగ్గర, తోక దగ్గర వేర్వేరుగా ఉండొచ్చు కాబట్టి ఒక్క ఫొటోతో సరిపెట్టుకోకండి. తేదీ, చుట్టూ ఉన్న నేల, చెట్లు రాసుకోండి. ఫొటో నలుగురిలో పెట్టేటప్పుడు మాత్రం కౌంటీ పేరు చాలు. రోడ్డు పేరు, మైలురాయి పెట్టకండి, వింత డిజైన్ పాముల్ని పట్టి అమ్ముకునేవాళ్ళు కూడా ఆ ఫొటోలు చూస్తారు.