ఎపిసోడ్ 41: కట్ట లేస్తోందా, రిఫరెన్స్ కుంగుతోందా?

కిరణ్: రికార్డవుతోందా? సరే. ఇవాళ రైలు కట్టల కదలికను కొలిచే శాటిలైట్ రాడార్‌లో అలారం హద్దులు. కట్ట ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లు కుంగితే మనిషిని పంపాలి...

సుధ: ముందు రిఫరెన్స్ పాయింట్ సంగతి తేలనీ. అదే, కదలదనుకుని మిగతావన్నీ దేనితో పోల్చి కొలుస్తామో ఆ చోటు.

కిరణ్: మొదలెట్టావా అక్కా!

సుధ: మరి? కట్ట పొడవునా పాయింట్లన్నీ ఒకే వేగంతో పైకి లేస్తుంటే ఏమనుకోవాలి? కట్టలు అలా లేవవు. రిఫరెన్సే దిగుతోంది.

కిరణ్: అందుకే రాడార్ తరంగాన్ని తిరిగి శాటిలైట్‌కే పంపే రిఫ్లెక్టర్ పెట్టమనేది.

సుధ: వచ్చింది, గొడుగు!

కిరణ్: నవ్వు. అల్యూమినియం పలకలు మూడు, మీటరు అంచు, లంబంగా బిగించి...

సుధ: అడుగున రంధ్రం మర్చిపోతే నీళ్లు, ఆకులు నిండి మెరుపు పోతుంది. పైగా పెట్టిన రోజు నుంచే లెక్క. సెంటినెల్-1 రాడార్ శాటిలైట్ల ఆర్కైవ్ 2014 నుంచీ ఉంది, ఆ పాత చరిత్ర నీ గొడుగు చెప్పదు.

కిరణ్: పెద్ద బిల్డింగ్‌ని రిఫరెన్స్‌గా పెట్టుకుంటే?

సుధ: మెరవడం వేరు, కదలకపోవడం వేరు. బోర్లు తోడేసేచోట బిల్డింగూ నేలతోపాటే దిగుతుంది. రాతి మీదున్నవి మూడు తీసుకుని మార్చి మార్చి లెక్కవెయ్యి.

కిరణ్: ఒప్పుకున్నా. కానీ ట్యాంపింగ్, అంటే మెషిన్ పట్టాలెత్తి కింద కంకర కూరడం, దానివల్ల వచ్చే తప్పు కూడా రిఫరెన్స్ మీదికి తోస్తావు నువ్వు.

సుధ: తొయ్యను. అది చుట్ల లెక్క. తరంగం చుట్టులో ఎక్కడుందో రాడార్‌కి తెలుస్తుంది గానీ, ఎన్ని చుట్లు పోయాయో తెలియదు. తరంగం 5.5 సెంటీమీటర్లు, వెళ్లి రావాలి కాబట్టి 2.8కి ఒక చుట్టు. మెషిన్ ట్రాక్‌ను శాటిలైట్ వైపు 2 సెంటీమీటర్లు ఎత్తితే, సాఫ్ట్‌వేర్ దగ్గరి దారి పట్టి, 2.8లో మిగిలిన 8 మిల్లీమీటర్లు దిగిందంటుంది.

కిరణ్: కాబట్టి ట్యాంపింగ్ తేదీలు పక్కన పెట్టుకునే గ్రాఫ్ చదవాలి.

సుధ: చెట్లు మూసేసిన కటింగ్‌లో, అంటే నేల తవ్వి లైన్ వేసిన చోట, అసలు పాయింట్లే రావు, అదింకో గోల.

కిరణ్: నన్ను భయపెట్టేది వేరే. తూర్పు పడమరలుగా పోయే లైన్. దాని వాలు జారేది ఉత్తరానికో దక్షిణానికో. ఈ శాటిలైట్లు తిరిగేది ధ్రువాల మీదుగా, చూసేది పక్కకి. ఆ జారుడు దాదాపు కనిపించదు.

సుధ: ...అవును. ఎక్కే పాస్, దిగే పాస్, అంటే శాటిలైట్ ఉత్తరానికి పోతూ చూసినదీ దక్షిణానికి పోతూ చూసినదీ, రెండూ కలిపినా అంతే. కిందికి దిగిన భాగమే చిక్కుతుంది. మ్యాపులో కదలిక లేదని పచ్చగా ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు.

కిరణ్: హద్దులు మరి?

సుధ: అంకె కన్నా వేగం పెరగడం చూడు. ఒక్క పాస్‌ని నమ్మకు, గాలిలో తేమ కూడా కదలికలాగే కనిపిస్తుంది. వరుసగా మూడు పాస్‌లు అటే పోతుంటే మనిషిని పంపు.

కిరణ్: శాటిలైట్ వచ్చేది 12 రోజులకోసారి అయితే ఆలోపు వాన పడి కట్ట...

సుధ: అందుకే కట్ట వాలితే అక్కడికక్కడే పట్టే టిల్ట్ మీటర్లు. అవి ఎక్కడ పెట్టాలో రాడార్ చెబుతుంది, కాపలా కాయదు.

కిరణ్: పక్కనే ఒక రిఫ్లెక్టర్...

సుధ: ఆపెయ్, రికార్డింగ్ ఆపెయ్.