ఇంట్ల ఎవరికీ లేని జబ్బు

శ్రోతలకు నమస్కారం.

"మా ఇంట్ల ఎవ్వరికీ లేదు. వాళ్లింట్లనూ లేదు. మరి పిల్లకు ఎక్కణ్ణుంచి వచ్చింది సారూ?" సికిల్‌సెల్, తలసీమియా అనేవి తల్లిదండ్రుల జన్యువుల నుంచి పిల్లలకు వచ్చే రక్తపు జబ్బులు. అవి ఉన్న పిల్లల తల్లిదండ్రులు మొట్టమొదట అడిగే మాట ఇది. అడగాల్సిన మాటే. చెడిన జన్యువు రెండిండ్లలోనూ ఉంది. జబ్బుగా బయటపడలేదంతే.

హిమోగ్లోబిన్ తయారీకి బీటా గ్లోబిన్ అని ఒక జన్యువు ఉంటుంది. ప్రతి మనిషికీ అది రెండు: తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తుంది. అట్లాంటి మనిషి క్యారియర్. పొలం పని చేసుకుంటారు, పిల్లల్ని కంటారు, ముసలివాళ్లవుతారు. రక్తపరీక్ష చేస్తే తప్ప తెలియదు.

ఒక జంటను ఊహించుకుందాం. అబ్బాయిది ఏటూరునాగారం వైపు. అమ్మాయిది హుజూరాబాద్. చుట్టరికం లేదు, మేనరికం అసలే లేదు. 2023 జులైలో జాతీయ సికిల్‌సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది కదా, అట్లాంటి శిబిరంలో అబ్బాయికి సొల్యుబిలిటీ టెస్ట్ చేశారు. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను ఒక ద్రావణంలో కలుపుతారు. గొట్టం వెనక పెట్టిన గీతలు కనిపించనంత మసకబారితే పాజిటివ్. అబ్బాయిది మసకబారింది. తర్వాత హిమోగ్లోబిన్‌లో ఏ రకం ఎంతుందో చూపే హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షకు పంపితే, మామూలు రకమైన హిమోగ్లోబిన్ ఎ 58 శాతం, సికిల్ రకమైన ఎస్ 36 శాతం. ఎస్ కన్నా ఎ ఎక్కువుంది కాబట్టి జబ్బు కాదు, క్యారియర్.

అమ్మాయికీ అదే సొల్యుబిలిటీ టెస్ట్ చేశారు. గీతలు చక్కగా కనిపించినయి. "నీకేం లేదమ్మా" అన్నారు. పెండ్లయింది.

చిక్కంతా ఇక్కడే. ఆ పరీక్ష చూసేది సికిల్ ఒక్కదాన్నే. అమ్మాయి బీటా తలసీమియా క్యారియర్. చెడిన తీరు వేరు, చెడిన జన్యువు మాత్రం అదే. పుట్టిన బిడ్డకు తండ్రి నుంచి సికిల్ జన్యువు, తల్లి నుంచి తలసీమియా జన్యువు వచ్చినయి. మంచిది ఒక్కటీ లేదు. దాని పేరు సికిల్ బీటా తలసీమియా. పుట్టినప్పుడు బిడ్డ బాగానే ఉంటుంది, ఎందుకంటే కడుపులో ఉన్ననాటి హిమోగ్లోబిన్ కొన్ని నెలలు కాపాడుతుంది. ఆరు నెలలు దాటినంక చేతులు, పాదాలు వాచి, బిడ్డ ఊరుకోకుండా ఏడుస్తుంది. అది దెబ్బ తగిలిన వాపు కాదు.

అమ్మాయి రక్తం ముందే చెప్పింది, ఎవరూ చూడలేదు. హిమోగ్లోబిన్ పదిన్నర. "రక్తం తక్కువుంది" అని నెలల తరబడి ఐరన్ మాత్రలు. పెరగలేదు. అదే రిపోర్టులో, నాలుగు వరుసల కింద, ఎంసీవీ 64 అని ఉంది. అది ఎర్రకణం సైజు, 80 కన్నా తగ్గకూడదు. ఐరన్ సరిపడా ఉన్నా కణాలు చిన్నగానే ఉంటే తలసీమియా క్యారియరేమో చూడాలి. హెచ్‌పీఎల్‌సీలో ఎ2 అనే ఇంకో రకం హిమోగ్లోబిన్ మూడున్నర శాతం దాటితే సాధారణంగా క్యారియర్ అన్నట్టే.

మేనరికం సంగతీ అడుగుతారు. అబ్బాయి క్యారియర్ అయితే, మేనత్త కూతురికి అదే జన్యువు వచ్చి ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. అక్క కూతురికైతే నాలుగింట ఒకటి. చిన్నదేం కాదు. కానీ చూశారు కదా, బయటి సంబంధమైనా పరీక్ష తప్పదు.

ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులో నాలుగింట ఒక వంతు జబ్బు పిల్ల పుట్టే అవకాశం. ప్రతి కాన్పులో. "మొదటి బిడ్డకు వచ్చింది, ఇక ముగ్గురికి రాదు" అనుకునేవాళ్లున్నారు. రూపాయి బిళ్లకు పోయినసారి బొమ్మ పడిందో బొరుసు పడిందో గుర్తుండదు.

అందుకని పరీక్ష పేరు అడగండి. పూర్తి రక్తపరీక్ష, హెచ్‌పీఎల్‌సీ, ఈ రెండూ. జాతకాలు చూసేటప్పుడే చేయించుకుంటే మేలని నా అభిప్రాయం. ఈ మధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే మూడు నెలలు ఆగాలి, లేకపోతే పరీక్షలో కనిపించేది దాత రక్తం. ఐరన్ బాగా తక్కువుంటే ఎ2 తగ్గి కనిపించొచ్చు, ఐరన్ సరిచేసుకుని మళ్లీ చూపించుకోవాలి. ఒకరిది పూర్తిగా మామూలుగా వస్తే ఆ జంటకు ఈ భయం దాదాపు లేనట్టే.

ఇప్పటికే గర్భంతో ఉంటే? తెలిసిన వారమే ఇద్దరూ పరీక్షకు పోండి. కడుపులో బిడ్డ సంగతి మాయ ముక్క తీసి చూడటం 10 వారాలు దాటినంక కుదురుతుంది, ఉమ్మనీటి పరీక్ష 15 దాటినంక. కానీ దానికి ముందు తల్లిదండ్రులిద్దరి జన్యువులో లోపం సరిగ్గా ఎక్కడుందో డీఎన్ఏ పరీక్షతో పట్టుకోవాలి, దానికి రోజులు పడతాయి. అయిదో నెల స్కానింగ్ అప్పుడు అడిగితే ఇవన్నీ చేయించుకునేంత గడువు చేతిలో ఉండకపోవచ్చు.