పుల్లలాంటి వాడికి షుగరేంటి?

తమ్ముడు: నమస్కారమండీ. ఈ వారం గెస్ట్ మా అక్క. ఫిజీషియన్. ఫీజు అడగని డాక్టర్ నాకు ఈవిడొక్కరే దొరికారు.

అక్క: ఫీజు అమ్మ దగ్గర వసూలు చేసుకుంటాలే. ముందు నీ రిపోర్టు సంగతి చెప్పు.

తమ్ముడు: పోయిన నెల ఆఫీసులో హెల్త్ చెకప్ చేశారు. హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు, 6.1 వచ్చింది, బోర్డర్ అన్నమాట. నా బరువు 62 కిలోలు, ఎత్తుకి తగ్గట్టే ఉన్నా. స్కూల్లో నా పేరే 'పుల్ల'. రోజూ రెండు స్వీట్లు లాగించే మా మేనేజర్‌కేమో నార్మల్! ఎక్కడి న్యాయం ఇది?

అక్క: ఇదిగో, ఈ ఫొటో చూడు. వినేవాళ్ల కోసం నేనే చెప్తా. ఇందులో ఇద్దరు డాక్టర్లున్నారు. ఒకరు పుణె కేఈఎం హాస్పిటల్లో డయాబెటిస్ మీద పరిశోధన చేసే చిత్తరంజన్ యాజ్ఞిక్. రెండో ఆయన లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్. 2004లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో ఇద్దరూ కలిసి ఒక చిన్న వ్యాసం వేశారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, ఒకటే, 22.3.

తమ్ముడు: అయితే ఇద్దరూ ఫిట్టే.

అక్క: స్కాన్ తీస్తే యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం. యాజ్ఞిక్ గారి ఒంట్లో 21.2.

తమ్ముడు: రెట్టింపు పైనే!

అక్క: యుడ్కిన్ మారథాన్లు పరిగెత్తేవారట. మరి యాజ్ఞిక్ గారి వ్యాయామం? పొద్దున్నే హాస్పిటల్లో లిఫ్టు తలుపులు మూసుకునేలోపు ఉరకడం. నేను కల్పించింది కాదు, వ్యాసంలో వాళ్లే రాసుకున్నారు.

తమ్ముడు: నా మనిషి!

అక్క: సంబరపడకు. అక్కడే ఇంకో మాట కూడా ఉంది, ఆయన తక్కువ బరువుతో పుట్టారని. నాకు ఆసక్తి ఆ మాట మీదే. 1993 నుంచి ఆయన బృందం పుణె దగ్గర ఆరు పల్లెల్లో గర్భిణులు ఏం తింటున్నారు, ఎంత పని చేస్తున్నారు అని రాసుకుంటూ వచ్చింది. పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ పిల్లలది 3.5.

తమ్ముడు: పాపం, బక్కపిల్లలు.

అక్క: అందరం అలాగే అనుకుంటాం. వీళ్లు తూకంతో ఆగలేదు. పాప వీపు మీద, భుజం ఎముక కింద చర్మాన్ని మడతపెట్టి పట్టుకుని, కాలిపర్‌తో దాని మందం కొలిచారు. చేతులు సన్నం, కండ తక్కువ, పొట్ట చిన్నది. ఆ మడత మాత్రం మిగతావాటిలా తగ్గలేదు. ఉన్న కాస్త ఒంట్లోనే కొవ్వు నిలిచి ఉంది. అందుకే 'థిన్-ఫ్యాట్ బేబీ' అన్నారు.

తమ్ముడు: దానికీ షుగర్‌కీ ఏంటి లింకు?

అక్క: తిన్న అన్నంలోని చక్కెరని ఎక్కువగా దాచుకునే గోదాం కండే. గోదాం చిన్నదైతే సరుకు బయటే పడుంటుంది. పైగా పొట్ట లోపల కొవ్వు చేరితే ఇన్సులిన్ మాట ఒళ్లు వినదు. 

తమ్ముడు: ఆ తల్లులు సరిగా తినలేదా?

అక్క: తిన్నారు, కానీ వాళ్లలో సగానికి మించి మందికి విటమిన్ బీ12 తక్కువ. ఫోలేట్ అనే ఇంకో విటమిన్ ఆకుకూరల్లో దొరుకుతుంది. బీ12 మాత్రం పాలు, గుడ్లు, చేపలు, మాంసంలోనే. ఫోలేట్ ఎక్కువుండి బీ12 తక్కువున్న తల్లుల పిల్లల్లో ఆరేళ్లకే ఇన్సులిన్ రెసిస్టెన్స్, అదే ఒళ్లు ఇన్సులిన్ మాట వినకపోవడం, ఎక్కువ కనిపించింది. ఆ పిల్లలు పెద్దయ్యాక, 2012 నుంచి వాళ్లకే బీ12 మాత్రలిచ్చి, వాళ్లకి పుట్టబోయే పిల్లల్ని చూడాలని ఇంకో ట్రయల్ మొదలుపెట్టారు. ఒక్క డాక్టరు మూడు తరాల వెంట పడ్డాడంటే, ఆ ఓపికకి దణ్ణం పెట్టాలి.

తమ్ముడు: నేనెంత పుట్టానో?

అక్క: 2.3 కిలోలు. నిన్ను చేటలో పడుకోబెడితే సగం చేట ఖాళీగానే ఉందని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. నీ 6.1కి అదే కారణమని నేననను. ఒక్క మనిషి విషయంలో అలా తేల్చలేం. 'నువ్వు సరిగా తినలేదు' అని అమ్మని అన్నావో, ఊరుకోను. అప్పుడు ఆవిడకి వడ్డించిందెవరు?

తమ్ముడు: అమ్మ ఈ ఎపిసోడ్ వింటుందక్కా.

అక్క: విననీ. లే, నిలబడు. టేపు తెచ్చా. మన దేశంలో మగాళ్లకి నడుము 90 సెంటీమీటర్లు దాటకూడదు. పొట్ట లోపలికి లాక్కోకు.

తమ్ముడు: లాక్కోలేదు!

అక్క: ఊపిరి వదులు... ఇంకా వదులు... 93.

తమ్ముడు: మైకు ఆపెయ్యనా?