జాబితా లేని రోజుల కార్డులు

అందరికీ నమస్కారం.

2024లో ఒక అట్టముక్క 30 లక్షల డాలర్లకు చేతులు మారింది. మన డబ్బుల్లో దాదాపు 25 కోట్లు. దాని పేరు బ్లాక్ లోటస్. 1993 ఆగస్టులో అమెరికాలో వచ్చిన ‘మ్యాజిక్: ది గ్యాదరింగ్’ అనే ఆటలో అదొక కార్డు. ఆ వార్త చూసి ఇద్దరు ముగ్గురు నాకు ఫోన్ చేశారు, “నువ్వు అప్పట్లో ఆడేవాడివి కదా, నీ దగ్గరుందా?” అని. లేదు. నేను మొదలుపెట్టేసరికే అది ప్యాకెట్లలో రావడం ఆగిపోయింది. ఉన్నా, 1996లోనే కారు ఇన్సూరెన్స్ కోసం అమ్మేసి ఉండేవాణ్ణి.

ధరల సంగతికి తర్వాత వస్తాను. ముందు ఆ ఆట తొలి రెండేళ్ల గురించి మాట్లాడాలి. పాత కార్డులంటే మాలాంటివాళ్ళకు ఎందుకంత మమకారం అని అడిగితే, చాలామంది బొమ్మల గురించో బాల్యం గురించో చెప్తారు. నా లెక్క వేరు. ఆ రెండేళ్లలో అసలు ఎన్ని కార్డులున్నాయో ఆడేవాళ్ళలో ఎవరికీ సరిగ్గా తెలియదు. మేం బెంగపెట్టుకున్నది ఆ తెలియనితనం మీద.

ఈ ఆట కనిపెట్టింది రిచర్డ్ గార్‌ఫీల్డ్. అప్పటికి పెన్సిల్వేనియా యూనివర్సిటీలో గణితంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. 1991లో రోబోర్యాలీ అనే బోర్డు గేమ్ పట్టుకుని, సియాటెల్ పక్కన ఉన్న విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే చిన్న కంపెనీ దగ్గరికి వెళ్ళాడు. కంపెనీ నడిపే పీటర్ ఆడ్కిసన్‌కి ఆట నచ్చింది గానీ, దాన్ని అచ్చువేసే స్తోమత లేదు. గేమింగ్ కన్వెన్షన్లలో ఒక ఆటకీ ఇంకో ఆటకీ మధ్య ఖాళీలో ఆడుకునేలా, వెంట తీసుకెళ్ళేలా ఏదైనా చేయగలవా అన్నాడు. అందులోంచి మ్యాజిక్ పుట్టింది.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. ఇద్దరు మాంత్రికులు, చెరో 20 ప్రాణాలు. కొన్ని కార్డులు భూములు; వాటి నుంచి మానా అనే శక్తి వస్తుంది. ఆ శక్తి ఖర్చుపెట్టి డ్రాగన్లను పిలవొచ్చు, పిడుగులు వేయొచ్చు. అసలు విశేషం ఏమిటంటే, పేకలో ఇద్దరూ ఒకే కట్టలోంచి ముక్కలు తీసుకుంటారు. ఇక్కడ ఎవరి కట్ట వాళ్ళది. నా డెక్‌లో ఏముందో ఎదుటివాడికి తెలియదు.

మొదటి ముద్రణని ఆల్ఫా అంటారు. 295 రకాల కార్డులు. బెల్జియంలో అచ్చయ్యాయి, మొత్తం సుమారు 26 లక్షలు. అందులో ఒక్కో అరుదైన కార్డు దాదాపు 1,100 ప్రతులు మాత్రమే. కార్డు మీద వరుస నంబరు లేదు. ఇది మామూలుది, ఇది అరుదైనది అని చెప్పే గుర్తూ లేదు. ఆ రెండూ 1998లో ఎక్సోడస్ అనే సెట్‌తో, అంటే ఒక్కసారిగా విడుదల చేసే కొత్త కార్డుల గుంపుతో గానీ రాలేదు. మొదట్లో కంపెనీ పూర్తి జాబితా కూడా బయటపెట్టలేదు. కావాలనే.

గార్‌ఫీల్డ్ ఊహ ఏమిటంటే, మామూలు మనిషి స్టార్టర్ డెక్ అనే తొలి కట్ట ఒకటి, లోపల ఏ కార్డులున్నాయో తెలియని ప్యాకెట్లు నాలుగైదు కొంటాడు. మహా బలమైన కార్డు ఊరికి ఒకటో రెండో ఉంటాయి. వాటి గురించి కథలు చెప్పుకుంటారు. గణితంగా చక్కటి ఊహే. జనం పెట్టెలకు పెట్టెలు కొంటారని మాత్రం అనుకోలేదు. నెలల పాటు వస్తుందనుకున్న సరుకు వారాల్లో అయిపోయింది. అప్పటి నియమాల ప్రకారం డెక్‌కి 40 కార్డులు చాలు, ఒకే కార్డు ఎన్నయినా పెట్టుకోవచ్చు. డబ్బున్నవాడు ఏం చేస్తాడో మీకు చెప్పక్కర్లేదు. తర్వాత టోర్నమెంట్లలో 60 కార్డులు, ఒకే పేరుతో నాలుగుకు మించకూడదు అనే పద్ధతి వచ్చింది.

నేను ఎమ్మెస్‌కి వెళ్ళింది 1994లో, అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక యూనివర్సిటీకి. స్టూడెంట్ యూనియన్ బేస్‌మెంట్‌లో రాత్రిళ్ళు ఈ ఆట జరిగేది. మా తెలుగు రూమ్మేట్లందరికీ రమ్మీ బాగా వచ్చు. ముక్కలు చేతిలో విసనకర్రలా పట్టుకునే తీరు చూసి, అక్కడివాళ్ళు వీళ్ళు పాత ఖిలాడీలేమో అనుకునేవారు! మాకు ఒక్క కార్డూ పూర్తిగా అర్థమయ్యేది కాదు. యూజ్‌నెట్ అనే అప్పటి ఇంటర్నెట్ చర్చా వేదికలో ఎవరో ఓపిగ్గా తయారుచేసిన జాబితాలు తిరిగేవి. కంప్యూటర్ ల్యాబ్‌లో వాటిని ప్రింట్ తీసి పంచుకునేవాళ్ళం. అందులో సగం తప్పులు. అయినా ఆ కాగితాల కంటే నోటి మాటే ఎక్కువ నడిచేది. ఎవరో వచ్చి “అవతలివాడి వంతు లాగేసుకునే కార్డు ఒకటుందట” అనేవాడు. నమ్మాలో వద్దో తెలిసేది కాదు.

నమ్మశక్యం కానివి నిజంగానే ఉండేవి. ఉదాహరణకి కేయాస్ ఆర్బ్. ఆ కార్డుని బల్లకి కనీసం ఒక అడుగు ఎత్తు నుంచి గాల్లో పల్టీ కొట్టించి వదలాలి. అది ఏ కార్డుల మీద పడితే అవి నాశనం. అది ఎదుటివాడి దగ్గర ఉందని అనుమానం వస్తే చాలు, మా కార్డులన్నీ బల్ల నాలుగు మూలలకీ జరిపేసేవాళ్ళం. ఎవడో దాన్ని ముక్కలు ముక్కలుగా చింపి చల్లి గెలిచాడని ఒక కథ అమెరికా అంతా తిరిగింది. నిజమో కాదో ఇప్పటికీ వాదనే. ఆ కథ మీద కంపెనీ 1998లో కేయాస్ కన్ఫెట్టి అని నిజంగా చింపే కార్డు వేసి నవ్వుకుంది. ఇంకొకటి షహరాజాద్, అరేబియన్ నైట్స్ సెట్‌లోది. అది వేస్తే, నడుస్తున్న ఆట ఆపి, మిగిలిన కట్టతో లోపల ఇంకో ఆట ఆడాలి. కథలో కథలాగా. టోర్నమెంట్లలో ఇప్పుడు దాన్ని నిషేధించారు. సమయం తినేస్తుందని. నాకైతే ఈ ఆట మొత్తంలో అంతకంటే అందమైన ఆలోచన లేదు.

పందెం సంగతి కూడా చెప్పాలి. మొదటి రూల్ బుక్ ప్రకారం, ఆట మొదలయ్యే ముందు ఇద్దరూ తమ కట్టలోంచి చూడకుండా ఒక ముక్క తీసి పక్కన పెట్టాలి. గెలిచినవాడు రెండూ తీసుకుంటాడు. గోలీలాట ఆడినవాళ్ళకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పోయిన గోలీ పోయినట్టే. కానీ డబ్బు పెట్టి కొన్న కార్డు పోతే ఎవరికి బాధుండదు? చాలామంది ఆ నియమం పక్కన పెట్టేశారు. కొన్నాళ్ళకి కంపెనీ కూడా వదిలేసింది.

ఇక ధరలు. 1995లో క్రానికల్స్ పేరుతో పాత కార్డులు కొన్ని మళ్ళీ అచ్చువేశారు. దాచుకున్నవాళ్ళు గోల చేశారు. 1996లో కంపెనీ ఒక జాబితా ప్రకటించి, ఇందులో ఉన్నవి మళ్ళీ ఎప్పటికీ వేయం అని మాటిచ్చింది. దాన్ని రిజర్వ్‌డ్ లిస్ట్ అంటారు. ఆ మాటే ఈ 25 కోట్లకు పునాది. 2022లో ఆట ముప్ఫయ్యో ఏటి పేరు చెప్పి, టోర్నమెంట్లలో చెల్లని నకళ్ళు నాలుగు ప్యాకెట్లు 999 డాలర్లకు అమ్మారు. దాని గురించి ఒక్క మాటే అంటాను: సిగ్గుండాలి.

ఇప్పుడు పాత కార్డుని గ్రేడింగ్‌కి పంపి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయించి, అంచుల్లో మచ్చ ఉందా, మధ్యలో అచ్చు పడిందా అని మార్కులు వేయిస్తున్నారు. పెట్టుబడిగా తప్పులేదు. కానీ పెట్టెలో ఉన్న కార్డుని కట్టలో కలపలేం కదా. 1993 నుంచి నేటి దాకా కార్డు వెనక వైపు డిజైన్ మార్చలేదు. దాని మీద ఉన్న డెక్‌మాస్టర్ అనే పదం పైన ఒక పెన్ను గీత పొరపాటున పడితే, దాన్ని కూడా అలాగే ఉంచేశారు. ఎందుకు? పాతదీ కొత్తదీ కలిపి ఆడుకోవాలని.

అలా కలిపి ఆడే పట్టుదల స్వీడన్‌లో చూడాలి. 2007 ప్రాంతంలో గోథెన్‌బర్గ్‌లో కొందరు స్నేహితులు 1993, 94లలో వచ్చిన కార్డులతోనే ఆడాలని పెట్టుకున్నారు. ఓల్డ్ స్కూల్ అన్న పేరు అలా వచ్చింది. వాడుకోని మానా మన ప్రాణాన్నే కాల్చేసే పాత నియమం కూడా తిరిగి తెచ్చారు. అసలు ఆట 2009లో దాన్ని తీసేసింది. వాళ్ళ టోర్నమెంట్‌లో గెలిచినవాళ్ళకు బహుమతి జయంట్ షార్క్ అనే పనికిమాలిన కార్డు, దాని మీద ఆడినవాళ్ళందరి సంతకాలు. లక్షల విలువైన డెక్‌లతో ఆ షార్క్ కోసం కొట్టుకుంటారు. నాకు వాళ్ళంటే చాలా గౌరవం.

అయినా వాళ్ళు కూడా తిరిగి తేలేనిది ఒకటుంది: ఆ తెలియనితనం. ఫోన్ తీస్తే ప్రతి కార్డూ, ప్రతి ధరా, ఏ డెక్ దేన్ని ఓడిస్తుందో అన్నీ కనిపిస్తాయి. చూసినదాన్ని చూడనట్టు మర్చిపోవడం కుదరదు. నాలాంటివాడికి ఆ దారి మూసుకుపోయింది. మీలో ఈ ఆట పేరు ఇవాళే విన్నవాళ్ళకు మూసుకుపోలేదు. చిన్నప్పుడు ట్రంప్ కార్డులు గానీ, చిప్స్ ప్యాకెట్లలో వచ్చే టాజోలు గానీ దాచుకుని, వాటిని ఇంట్లోవాళ్ళు పారేశారని ఇంకా కోపంగా ఉన్నవాళ్ళు ఈ హాల్లో ఉన్నారని నాకు తెలుసు.

టీ తాగాక వెనక బల్ల దగ్గరికి రండి. 1994 నాటి రివైజ్డ్ ఎడిషన్ కార్డులతో కట్టిన నాలుగు డెక్‌లు తెచ్చాను. షరతులు రెండే. ఫోన్లు జేబులోనే ఉండాలి. కార్డు మీద ఏముంటే అదే చదువుకుని ఆడాలి. పాత పద్ధతిలో పందెం ముక్క కూడా పెడదాం. గెలుచుకున్నది మాత్రం వెళ్ళేటప్పుడు తిరిగి ఇచ్చేయండి. అందులో రెండు రకాల మానా ఇచ్చే భూములు, డ్యూయల్ ల్యాండ్లంటారు, మూడు ఉన్నాయి, వాటి ఇప్పటి రేటు మా అమ్మాయి చూసి పెట్టుకుంది.