బీపీటీ అనే మూడు అక్షరాల వెనుక

వేదిక మీది పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

బియ్యం కొట్టుకు వెళ్లి "పాత బీపీటీ ఉన్నాయా?" అని అడిగేవారిలో ఎంతమందికి తెలుసో గాని, ఆ మూడు అక్షరాలు మన బాపట్లవి. సాంబ మసూరిగా పేరు పడ్డ బీపీటీ 5204 అనే వరి రకం ఇక్కడి వరి పరిశోధన కేంద్రం నుంచి 1986లో రైతుకు అందింది. దాని పూర్వీకుల్లో ఒకటి కోయంబత్తూరులో పుట్టిన జీఈబీ 24 అనే వరి రకం.

చిత్రమేమిటంటే మన వ్యవసాయ కళాశాల వేళ్లు కూడా అక్కడివే. మద్రాసు రాష్ట్రంలో వ్యవసాయ పట్టా కావాలంటే తెలుగు కుర్రాళ్లు కోయంబత్తూరు రైలెక్కేవారు. 1945లో బాపట్ల కళాశాల తెరిచాక ఆ ప్రయాణం తప్పింది. మొదట ఆంధ్ర విశ్వవిద్యాలయం కింద ఉండి, 1964లో కొత్తగా ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చేరింది. 1996లో ఆ విశ్వవిద్యాలయానికి రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారి పేరు పెట్టారు. ఆయన నిడుబ్రోలు ఇక్కడికి దగ్గరే. అక్కడ ఆయన రైతాంగ విద్యాలయం నడిపి రైతులకు రాజకీయాలు నేర్పారు. విత్తనం గురించి చెప్పే బడి, హక్కుల గురించి చెప్పే బడి ఒకే గాలిలో పెరిగాయన్నమాట.

బోధన, పరిశోధన, విస్తరణ (అంటే తెలిసింది రైతుకు చేరవేయడం) అని వ్యవసాయ విద్యకు మూడు లక్ష్యాలు చెబుతారు. మొదటి రెండింటికీ భవనాలున్నాయి. మూడోదానికి రైతు పొలం గట్టే భవనం. అందుకే కాబోలు, అది ఎప్పుడూ వెనకబడుతుంది.

సాంబ మసూరినే చూడండి. రుచికి తిరుగులేదు, బాక్టీరియా ఎండాకు తెగులు ముందు మాత్రం మెతక. ఆ తెగులును తట్టుకునే జన్యువులు చేర్చిన మెరుగైన సాంబ మసూరిని హైదరాబాదు వరి పరిశోధకులు, అక్కడి జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి రూపొందించారు. అది 2008లో విడుదలైంది. అంతవరకూ రైతుకు దిక్కు, తెగులును సకాలంలో గుర్తుపట్టడమే.

చివరి సంవత్సరంలో మీరు పల్లెలో ఉండాలి కదా, మేమూ ఉన్నాం. మొదటి వారంలోనే ఒక పెద్దాయన ఎండిన ఆకు తెచ్చి, ఇది ఏమిటని అడిగాడు. పొటాష్ లోపమని ధీమాగా చెప్పాను. ఆయన నవ్వి, పచ్చి ఆకొకటి కోసి గ్లాసు నీళ్లలో నిలబెట్టాడు. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి జిగురు సన్నగా జారింది. తెగులే. ఇది ఎవరు నేర్పారని అడిగాను.

"మీ కాలేజీ కుర్రాడే బాబూ, ఎన్నో ఏళ్ల కిందట వచ్చాడు" అన్నాడు.